కుక్కకు ఆగని విరేచనాలు: స్టెరాయిడ్ కంటే ముందు తిండి సంగతి చూడండి

ప్రశ్న: మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. మూడు నెలలుగా విరేచనాలు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసినన్నాళ్లు తగ్గి, ఆపిన వారానికే మళ్లీ మొదలవుతున్నాయి. 31 కిలోలుండేది 26కి దిగింది. పేగుల వాపు జబ్బు, ఐబీడీ అంటున్నారు. స్టెరాయిడ్ మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడే వద్దండీ. మిగతా కారణాలేవీ కావని తేలాక చివరికి పెట్టే పేరు ఐబీడీ. అయిదు కిలోలు తగ్గిందంటే చిన్నపేగు ఆహారాన్ని పీల్చుకోవడం లేదన్న అనుమానం బలపడుతుంది. పెద్దపేగు జబ్బయితే బరువు అంతగా పడిపోదు. మాటిమాటికీ ముక్కుతూ కొంచెం కొంచెంగా, బంకతో, ఎర్రటి రక్తంతో పోతుంది.

మొదట పురుగుల సంగతి. కొరడా పురుగుల గుడ్లు, జియార్డియా అనే పేగుల పరాన్నజీవి ప్రతిరోజూ మలంలో పడవు కాబట్టి మూడు వేర్వేరు రోజుల తాజా నమూనాలు ఇవ్వాలి. రిపోర్టులో ఏమీ లేకపోయినా ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 50 మి.గ్రా. లెక్కన, అంటే మీ కుక్కకు రోజుకు 1300 మి.గ్రా., వరుసగా 5 రోజులు వేయడం ఆనవాయితీ. ఒక్కరోజు మాత్ర వేసి ‘పురుగుల మందు అయిపోయింది’ అనుకోవడం ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు.

తర్వాత రక్త పరీక్షలు: అల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తు), లివర్, కిడ్నీ, బి12, బేసల్ కార్టిసాల్ (శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్). మన దగ్గర పిడుదుల జ్వరం ఎక్కువ గనుక ప్లేట్‌లెట్లు కూడా. కార్టిసాల్ ఎందుకంటే, కార్టిసాల్ సరిపడా తయారుకాని ఎడిసన్స్ జబ్బులోనూ ఇవే విరేచనాలు, ఇదే నీరసం. స్టెరాయిడ్ వేయగానే అదీ తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు మరుగున పడుతుంది. పేగుల్లో లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా అంతే. స్టెరాయిడ్ మొదలయ్యాక చేసిన బయాప్సీలో, అంటే పేగు ముక్క తీసి చేసే పరీక్షలో, అది దొరక్కపోవచ్చు.

మెట్రోనిడజోల్‌తో తగ్గడం ఏ జబ్బుకూ రుజువు కాదు. అది మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది, ఆ లోటు పూడడానికి వారాలు పడుతుంది. అదే కోర్సు మళ్లీ మళ్లీ వేయించకండి.

ప్రశ్న: డైట్ ట్రయల్ చేయమన్నారు. మా 12 కిలోల బీగిల్‌కి పది రోజులు పెరుగన్నం, ఉడికించిన చికెన్ మాత్రమే పెట్టాం. తేడా లేదు. ఇక మందులేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు పెట్టింది పథ్యం. డైట్ ట్రయల్ వేరు. పుట్టినప్పటి నుంచీ తింటున్న చికెన్, పాల పదార్థాలే పేగులకు పడకపోతున్నాయేమో, వాటినే పెడితే ఎలా తెలుస్తుంది? అది ఇదివరకు తినని మాంసకృత్తు ఒకటి, పిండి పదార్థం ఒకటి ఎంచుకోండి. ఎప్పుడూ చేప తినని కుక్కయితే రోజుకు ముళ్లు తీసిన ఉడికించిన చేప 250 గ్రాములు, తొక్క తీసి ఉడికించిన బంగాళదుంప 400 గ్రాములు, నాలుగు పూటలుగా. ఉల్లి, వెల్లుల్లి, మసాలా, నూనె వద్దు. వారానికోసారి తూచి, బరువు తగ్గుతుంటే పదో వంతు పెంచండి. ఇందులో కాల్షియం సరిపోదు, నాలుగు వారాలు దాటితే డాక్టరుతో కాల్షియం, విటమిన్లు లెక్క కట్టించండి. ఖర్చు భరించగలిగితే హైడ్రొలైజ్డ్ ఆహారం నయం. అందులో మాంసకృత్తులను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసి ఉంటారు.

పనిచేసేదయితే సాధారణంగా రెండు వారాల్లో మలం గట్టిపడుతుంది. లేకపోతే ఇంకో రకం ఆహారంతో మరోసారి చూడాలి, ఒక్కదానితో వదిలేయకూడదు. దీర్ఘకాలపు విరేచనాలున్న కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే కుదుటపడతాయి.

ట్రయల్ చెడేది వంటింట్లో కాదు, హాల్లో. టీ తాగుతూ తాతగారు పెట్టే మేరీ బిస్కెట్, పిల్లలు జారవిడిచే ఎముక, మాత్ర మింగించడానికి వాడే పాలు, చికెన్ రుచి కలిపిన పిడుదుల మాత్ర – ఏ ఒక్కటైనా చాలు. ఇంట్లో అందరికీ చెప్పి, ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. మేలు కనిపించాక 8 నుంచి 12 వారాలు అదే సాగించి, పాతవి ఒక్కొక్కటే వారం పది రోజుల ఎడంతో పెట్టి చూడండి.

ప్రశ్న: ఎండోస్కోపీ బయాప్సీ చేసి ఐబీడీ అని తేల్చారు. మా జర్మన్ షెపర్డ్‌కి ప్రెడ్నిసోలోన్ 40 మి.గ్రా. మొదలుపెట్టి పదిరోజులు. మలం బాగుపడింది కానీ బిందెడు నీళ్లు తాగి ఇల్లంతా మూత్రం పోస్తోంది. ఆపేయనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఒక్కసారిగా ఆపకండి. బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే శరీరం సొంతంగా తయారుచేయడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే కుక్క కుప్పకూలవచ్చు. మామూలుగా కిలోకు 1–2 మి.గ్రా. మోతాదును రెండు మూడు వారాలు ఉంచి, తర్వాత ప్రతి రెండు మూడు వారాలకూ పావు వంతు చొప్పున దించుతారు. దాహం, ఆకలి, రొప్పడం మందు వల్లే, మోతాదుతో పాటే తగ్గుతాయి. నీళ్లు మాత్రం దాచకండి, రాత్రి పడుకునే ముందు ఒకసారి బయటికి తిప్పండి. కాళ్ల నొప్పులకని మెలాక్సికామ్ కలిపితే కడుపులో పుండ్లు పడవచ్చు.

బి12 చూపించారా? తక్కువుంటే మిగతా వైద్యం సరిగా అందుకోదు. 20 కిలోలు దాటిన కుక్కకు రోజుకు 1000 మైక్రోగ్రాములు నోటి ద్వారా, సుమారు 12 వారాలు. మనం వేసుకునే మామూలు బి కాంప్లెక్స్‌తో అది పూడదు. అల్బుమిన్ డెసిలీటరు రక్తానికి 2 గ్రాముల లోపుంటే కొవ్వు బాగా తగ్గించిన తిండి కావాలి. అలాంటి కుక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. పొట్ట ఉబ్బినా, ఉన్నట్టుండి ఆయాసపడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఈ జబ్బు మా చిన్నపిల్లలకు అంటుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఐబీడీ అంటదు. కానీ పురుగులు లేవని తేలేదాకా ఆ భరోసా పెట్టుకోకండి. కొంకి పురుగుల పిల్లలు మట్టిలోంచి వట్టి పాదాల చర్మంలోకి దూరతాయి. పెరట్లో మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేసి, పిల్లలకు చెప్పులు వేయండి.