కత్తెర పురుగుకు మక్క ఎందుకు లోకువైంది?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. రెండెకరాల్లో మక్క (మొక్కజొన్న) పెట్టి 24 రోజులైంది. కత్తెర పురుగు సుడుల్లో (మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేత ఆకుల్లో) చేరి ఆకులను జల్లెడ చేసింది. మా నాయన కాలంలో కాండం తొలిచే పురుగు వచ్చేది కానీ ఇంత టెన్షన్ లేదు. మొక్కలకు సొంతంగా పురుగును తట్టుకునే శక్తి ఉంటుందని ఒక మీటింగులో విన్నాను. మా మక్కకు ఆ శక్తి లేదా? మందుల షాపాయన మూడు మందులు ఇచ్చి కలిపి కొట్టమన్నాడు. కొట్టాలా? పక్క చెలకలో జొన్న బాగానే ఉంది, వచ్చేసారి అదే వేయమంటారా?
– ఒక రైతు

జవాబు: ముందు ఆ మూడు మందులను పక్కన పెట్టండి. కొట్టాలా వద్దా అన్నది చేను చూశాక తేలుతుంది. అదెలా చూడాలో కింద చెబుతాను.

మీరు విన్నది నిజమే. మక్కకు శక్తి ఉంది, అది కూడా తక్కువేం కాదు. లేత మక్క ఆకులో డింబోవా అనే విషం ఉంటుంది. అది ఊరికే వదిలితే మొక్కకే హాని కాబట్టి, దానికి ఒక చక్కెరను అతికించి, మూతి కట్టినట్టు కణంలో ఒక మూల దాచుకుంటుంది. పురుగు కొరికి కణం పగలగానే వేరేచోట ఉన్న ఎంజైము వచ్చి ఆ చక్కెరను తెంచుతుంది, విషం బయటపడుతుంది. జొన్న నాము సంగతి మీకు తెలుసుగా, అక్కడా ఇదే పద్ధతి. లేత జొన్నను పశువు నమిలినప్పుడు సైనైడు ఊడివస్తుంది. జొన్న ఆ విషాన్ని దాచుకున్నది మీ బర్రె కోసం కాదు, తనను తినవచ్చే పురుగుల కోసం.

మక్కకు ఇంకో విద్య కూడా ఉంది. పురుగు ఆకు నములుతుంటే దాని లాలాజలం గాయానికి తగులుతుంది. దాన్ని గుర్తుపట్టి మొక్క ఒక రకం వాసన వదులుతుంది. గడ్డి కోస్తే వచ్చే పచ్చి వాసన వేరు, ఇది వేరు. పురుగు మీద గుడ్లు పెట్టే చిన్న బదనిక కందిరీగలు ఆ వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. 1990లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని మక్కలోనే నిరూపించారు. 1997లో ఆ లాలాజలంలోని పదార్థాన్ని వేరుచేసి వోలిసిటిన్ అని పేరు పెట్టారు.

మరి ఇవన్నీ ఉండి మీ చేను ఎందుకిలా అయింది? కత్తెర పురుగు మనకు కొత్తది గానీ మక్కకు కాదు. మక్క పుట్టిల్లు మెక్సికో. ఈ పురుగుది కూడా అమెరికా ఖండమే. మక్క ఎత్తులన్నీ దానికి పాతవే. డింబోవా కడుపులోకి వెళ్లగానే ఊడిన చక్కెరను అది మళ్లీ అతికిస్తుంది, కాకపోతే తిరగేసి. అలా తిరగేసినదాన్ని మొక్క ఎంజైము తెంచలేదు. ఇంకా విడ్డూరం దాని పెంటలో ఉంది. సుడిలో రంపపు పొట్టులా కనిపిస్తుందే, అదే. అందులోని కొన్ని ప్రోటీన్లు గాయానికి తగిలితే మొక్క తనకు తెగులు సోకిందనుకుని అటువైపు పోరాటానికి దిగుతుంది, ఆ మేరకు పురుగును తట్టుకునే శక్తి తగ్గుతుంది. పోలీసులను పక్క ఊరికి పంపి ఇక్కడ దొంగతనం చేసినట్టు!

2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర ఈ పురుగును మన దేశంలో మొదటిసారి గుర్తించారు. తన సొంత గడ్డ మీది శత్రువులను అక్కడే వదిలి వచ్చింది. ఇక్కడి బదనికలు మాత్రం ఊరుకోలేదు. టెలినోమస్, ట్రైకోగ్రామా దాని గుడ్ల మీద కనిపిస్తున్నాయి. మెటారైజియం రైలీ అనే బూజు పట్టి గట్టిపడిపోయిన పురుగులు మీ చేలో కూడా దొరకొచ్చు. అలాంటివి కనిపిస్తే ఏరి పారేయకండి. మూడు మందులు కలిపి కొడితే మొదట పోయేది ఈ సైన్యమే, సుడి లోపల పెంట అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్ద పురుగు కాదు.

ఇప్పుడు మీ చేను సంగతి. ఐదు చోట్ల ఇరవై చొప్పున వంద మొక్కలు చూడండి. ఆకు చిరుగులను కాదు, సుడిలో తాజా పెంట, బతికున్న పురుగు ఉన్న మొక్కలను లెక్కపెట్టండి. ఈ వయసులో మొక్క మొవ్వు బతికుంటే ఆకు పోయినా కొత్త ఆకులు వేసుకుని చాలావరకు కోలుకుంటుంది. కాండం తొలిచేది మొవ్వునే చంపుతుంది, అందుకే చూపుకు చిన్నగా ఉన్నా దాని నష్టం పెద్దది. కత్తెర పురుగుది చూపుకు భయం ఎక్కువ.

వందలో పది లోపుంటే వేపనూనె (1500 పీపీఎం) లీటరుకు 5 మి.లీ. కలిపి సుడిలో పడేలా కొట్టండి. ఇంకా 30 రోజులు దాటలేదు కాబట్టి తొమ్మిది పాళ్ల ఇసుకకు ఒక పాలు సున్నం కలిపి సుడుల్లో వేసినా పనిచేస్తుంది. పది దాటి, పురుగులు చిన్నవైతే ఇమామెక్టిన్ బెంజోయేట్ 0.4 గ్రా. లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 మి.లీ. లీటరు నీటికి కలపండి. రెండింట్లో ఒక్కటే. మళ్లీ అవసరం పడితే రెండోది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టాలి, మధ్యాహ్నం పురుగు లోపల దాక్కుంటుంది.

పురుగులు ముదిరిపోతే పిచికారీకి లొంగవు. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లతో కలిపి ఒక రోజు పులియబెట్టి, వాడే అరగంట ముందు 100 గ్రా. థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయండి. ఇది ఎకరానికి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, ఆ రోజు పిల్లలను, కోళ్లను, పశువులను చేలోకి రానివ్వద్దు.

యూరియా ఎంత వేశారో మీరు రాయలేదు. పక్కవాళ్ల చేనుకన్నా మీది బాగా ముదురు పచ్చగా ఉంటే ఎక్కువైనట్టే. మెత్తటి ఆకు పురుగుకు పండగ. వచ్చే పంటలో మక్క మధ్య కంది గానీ పెసర గానీ వేసి చూడండి, గట్ల చుట్టూ మూడు నాలుగు సాళ్లు నేపియర్ గడ్డి పెట్టండి.

జొన్న విషయానికి వస్తే, కత్తెర పురుగు దాన్నీ తింటుంది. ఈసారి మక్క పక్కనే ఉంది కాబట్టి ఆ జొన్న బతికిపోయి ఉండొచ్చు. పురుగు కోసమే పంట మార్చమని నేను చెప్పను. మేత కోసం వేస్తే మాత్రం బెట్టకు వాడిన లేత జొన్నను, కోసిన మోళ్ల నుంచి వచ్చిన కొత్త పిలకలను పశువులకు మేపకండి.