చివురు జాగ్రత్త

చిన్నీ,

కుండీలో కొన్న క్రిస్మస్ చెట్టుని పండగయ్యాక పారేయకుండా ఏడాదంతా పెంచుతానన్నావట. మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో! పైన స్టార్ నిలబడేలా కొన కాస్త కత్తిరిస్తానన్నావని కూడా చెప్పింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. కత్తెర ముట్టుకున్నావంటే ఊరుకోను.

మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మేది ఎక్కువగా అరౌకేరియా. పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి వైపుది. ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది గానీ అడుగున నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. కుండీకి బెజ్జం ఉందో లేదో చూడు. పైమట్టి ఆరాకే నీళ్లు పొయ్యి. పొద్దుటెండ మంచిది. మే నెలలో మీ విజయనగరం డాబా మీద మధ్యాహ్నం ఎండకి మాత్రం వదలకు. కింది కొమ్మ ఒకసారి ఎండిపోతే అక్కడ మళ్లీ రాదమ్మా.

పలాసలో ఉన్నప్పుడు మీ పెదనాన్న నాకు ఇలాంటి మొక్కే తెచ్చారు. నాలుగేళ్లకి నా నడుందాకా వచ్చింది. ఆ క్రిస్మస్‌కి లైట్ల స్టార్‌ని ఇనప తీగతో కొనకి బిగించి కట్టాను. జనవరిలో తీగ విప్పుతుంటే వేలెడు చివురు ఊడి నా చేతిలోకొచ్చింది. తెగినచోట తెల్లటి జిగురు ఊరింది. మునగ కొమ్మ విరిస్తే చిగురించట్లేదా, ఇదీ అంతే అనుకున్నాను. కాదు. ఈ చెట్టుకి నిటారుగా ఎదిగేది ఆ ఒక్క చివురే. పక్క కొమ్మలు పక్కకే పోతాయి. మీ పెదనాన్న నన్నొక్క మాట అనలేదు. పక్క కొమ్మనొకదాన్ని వెదురుపుల్లకి కట్టి, రోజూ ఆఫీసు నుంచి రాగానే వంగి చూసేవారు, పైకి లేచిందేమోనని. లేవలేదు.

ఆయన పోయాక కూడా ఆ పొట్టి చెట్టుని అలాగే ఉంచుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి, కిటికీలు పట్టుకు కూర్చున్నానే గానీ డాబా మీది కుండీ గుర్తుకు రాలేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లూ జీడితోటలూ నేలమట్టం. పిట్టగోడ కింద కుండీ పెంకులు, వేళ్లకి ఇంకా పట్టుకునున్న మట్టి. అందుకే చెప్తున్నా, తుపానంటే చాలు, బట్టలు తీసేలోపే కుండీ కిందికి దించు. బరువైతే పక్కింటివాళ్లని పిలు, మొహమాటపడకు.

స్టార్‌ని చెట్టు వెనక గోడకి మేకు కొట్టి వేలాడదీయ్. దూరం నుంచి చెట్టు మీదున్నట్టే కనిపిస్తుంది. రేపు ఆ చివురు ఫొటో పంపు, దగ్గర్నుంచి తీసి.

మీ పెద్దమ్మ