మిత్రదేశం ఫోన్లు వింటే కావలి కోర్టులో దావా వేయవచ్చా?

ప్రశ్న: జర్మనీ ఛాన్సలర్ ఫోనునే అమెరికా విన్నదని తెలిసి అక్కడి జనం భగ్గుమన్నారు. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం. మా మాటలు కూడా ఆ ప్రభుత్వం వింటున్నదనిపిస్తే నేను ఇక్కడ కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ కోపం సబబే గాని, దానికి కోర్టులో దొరికే ఊతం తక్కువ. 2013లో స్నోడెన్ పత్రాలు (అమెరికా నిఘా సంస్థలో పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాలు) వెలుగుచూశాక అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ బహిరంగంగానే నిరసన తెలిపారు, బ్రెజిల్ అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ అమెరికా పర్యటనను వాయిదా వేసుకున్నారు. అయినా మెర్కెల్ ఫోను మీద జర్మనీ ఫెడరల్ ప్రాసిక్యూటర్ 2014లో మొదలుపెట్టిన దర్యాప్తు, కోర్టులో నిలిచే రుజువులు లేవన్న కారణంతో 2015 జూన్‌లో మూతపడింది. ఇక మన విదేశాంగ మంత్రి అయితే ఆ రోజుల్లో అమెరికా చేస్తున్నది అసలు నిఘాయే కాదన్నారు. ఆ తొందర ఎందుకో నాకు నేటికీ బోధపడలేదు.

మీరు కావలి సివిల్ కోర్టులో దావా వేయదలిస్తే, విదేశీ రాజ్యంపై కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా దావా నడవదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ చెబుతున్నది. మిత్రదేశంపై ఒక పౌరుడి అనుమానం ఆధారంగా ఢిల్లీ ఆ అనుమతి ఇస్తుందని నేను అనుకోను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 17వ అధికరణం గోప్యతకు రక్షణ ఇస్తున్నప్పటికీ, వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు కనుక ఐక్యరాజ్య సమితి కమిటీ తలుపు కూడా మీకు తెరుచుకోదు.

విన్నది మన ప్రభుత్వమే అయితే సంగతి వేరు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది కనుక, చట్టం అడిగే లిఖితపూర్వక ఉత్తర్వు లేకుండా ఫోను విన్నారన్నందుకు ఆధారముంటే, 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ఆధారమే అసలు చిక్కు. ఫోన్లలోకి రహస్యంగా చొరబడే గూఢచర్య సాఫ్ట్‌వేర్ పెగాసస్ వ్యవహారంలో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 29 ఫోన్లను పరీక్షించి, ఐదింటిలో మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) కనబడినా అది పెగాససేనని తేల్చలేకపోయింది. అందుచేత అనుమానం వచ్చిన ఫోనును కంగారుపడి షాపులో ఫార్మాట్ చేయించకండి; దానిని వాడటం ఆపి, అందులో వచ్చిన హెచ్చరిక సందేశాలను తేదీలతో సహా భద్రపరచి, ఆ తరువాతనే న్యాయవాదిని కలవండి.