బొమ్మ చూసి పోయేవాళ్లు, కుర్చీ చూసి ఆగేవాళ్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సంక్రాంతికి కాలనీ రోడ్డు పొడుగునా నాలుగు రోజులు గాలిపటాలతో, రంగు కాగితాలతో అలంకరణ కడతారు. దానివల్ల జనం ఆ రోడ్డును వాడుకునే తీరు ఏమైనా మారుతుందా, లేక ఫొటోలు దిగి పోతారా?

గాలిపటాలు నేనెప్పుడూ కట్టలేదు. కానీ హైదరాబాద్‌లో మా గల్లీ వినాయక మండపానికి తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. చందా పుస్తకం పట్టుకుని నలభై ఇళ్ల తలుపులు కొట్టేవాడికి ఎవరు ఎప్పుడు బయటికొస్తారో, ఎంతసేపు ఉంటారో బాగానే తెలుస్తుంది. మారుతుందండీ, తప్పకుండా మారుతుంది. కాకపోతే మార్చేది మనం కట్టిన బొమ్మ కాదు. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

మాది ఇరవై అడుగుల గల్లీ. మామూలు రోజుల్లో రెండు పక్కలా కార్లు, మిగిలిన సందులో బైకులు. కూరగాయల బండి వస్తే వెనక హారన్లు. ముసలివాళ్లు గేటు లోపల నిలబడే రోడ్డు చూస్తారు. చవితికి రెండు రోజుల ముందు సర్వి కర్రలు దిగుతాయి, అప్పటిదాకా కదలని కార్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. గల్లీలోకి బండ్ల దారి మూసుకుపోతుంది. ఆ సాయంత్రమే, ఇంకా విగ్రహం రాకముందే, పిల్లలు రోడ్డు మీద క్రికెట్ మొదలుపెడతారు. దీన్ని నేను ఏళ్ల తరబడి చూస్తూ కూడా పట్టించుకోలేదు. బట్ట కప్పని ఖాళీ పందిరి కింద పిల్లలు ఆడుతున్నారంటే వాళ్లను రప్పించింది దేవుడి బొమ్మ కాదుగదా!

టెంట్‌హౌస్ నుంచి యాభై ప్లాస్టిక్ కుర్చీలు తెస్తాం. వరసగా వేస్తాం. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఒక్క వరసా ఉండదు. ఎవరి కుర్చీ వాళ్ల గుమ్మం ముందుకు చేరుతుంది, నలుగురు కలిసే చోట గుండ్రమవుతుంది. మూడో ఇంటి అవ్వ మొదటిరోజే అడిగింది, "బిడ్డా, ఈ కుర్చీలు పొద్దుగాల తీస్కపోతరా?" లేదవ్వా, పదకొండు రోజులు ఉంటయి అన్నాను. "అయితే గా లైటు కొంచెం అటు తిప్పు, కంట్లో కొడ్తుంది" అని, కుర్చీ జానెడు పక్కకు జరుపుకుని కూర్చుంది. ఆ పదకొండు రోజులూ అదే ఆమె చోటు. మాకు ఇస్త్రీ చేసే ఆయన మామూలుగా చీకటి పడితే బండి మీద బట్ట కప్పి వెళ్లిపోతాడు. మండపం ఉన్నన్నాళ్లు సీరియల్ బల్బుల వెలుగులో పది దాకా ఇస్త్రీ చేస్తాడు. బట్టలిచ్చి పోయేవాళ్లు అక్కడే నిలబడి కబుర్లాడతారు, ఆయన మధ్యమధ్యలో ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఒక మాట కలుపుతాడు.

అయిదో ఏడు ఒకాయన గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ముందు ఏడాది రాత్రిపూట వాళ్ల నాన్నకు ఒంట్లో బాగోక ఆటో పిలిస్తే అది మండపం దాటి లోపలికి రాలేక గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. తప్పు మాది, వాదించడానికేం లేదు. దాంతో మూల మీదున్న ఖాళీ ప్లాటు అడిగి అక్కడ వేశాం. చోటు ఎక్కువ, విగ్రహం రెండడుగులు పెద్దది, లైటింగ్ రెట్టింపు. నేనైతే ఆ ఏడాది జనం పోటెత్తుతారనుకున్నాను.

హారతి వేళకు నిజంగానే వచ్చారు. ప్రసాదం దొన్నె చేతికి రాగానే వెళ్లిపోయారు. తొమ్మిదికి ప్లాటులో నేను, కమిటీ కుర్రాళ్లు ముగ్గురం, ఒక జనరేటర్. కుర్చీలు ఫంక్షన్ హాల్లోలాగా విగ్రహానికి ఎదురుగా వరసగానే ఉండిపోయాయి, ఎవరూ జరపలేదు. జరుపుకోవడానికి దగ్గర్లో ఎవరి గుమ్మమూ లేదు మరి. ఇటు గల్లీలో కార్లు ఎక్కడివక్కడే, అవ్వ గేటు లోపలే. అందమైన వస్తువు పెట్టాం, చూసి మెచ్చుకున్నారు, వాళ్ల జీవితం మాత్రం పక్క వీధిలో ఎప్పట్లాగే నడిచింది.

తరవాతి ఏడాది మళ్లీ రోడ్డు మీదికే తెచ్చాం. కాకపోతే ఒక పక్కన ఆటో పట్టేంత దారి వదిలాం. అలా వదిలితే బైకులూ వస్తాయి, కూర్చునే ఉల్లాసం సగం పోతుంది. అందుకని అడ్డంగా ఒక తాడు కట్టి, అవసరమైతే విప్పడానికి కాపలా కుర్రాణ్ని పెట్టాం. ఈ ఏర్పాటు మీద ఇప్పటికీ మా కమిటీలో గొడవే. నన్నడిగితే తాడు, కుర్రాడు ఉండాల్సిందే.

జనాన్ని ఆపేది చోటని నాలాంటి వాళ్లు కనిపెట్టకముందే విలియం వైట్ అనే అమెరికా ఆయన కనిపెట్టాడు. 1970ల్లో న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందున్న ఖాళీ స్థలాలను కెమెరాలతో రోజుల తరబడి తీశాడు. కదపడానికి వీలున్న కుర్చీ దొరికితే మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త జరుపుతాడట, జరపాల్సిన పని లేకపోయినా. మా అవ్వ చేసింది సరిగ్గా అదే. ఆ ఊళ్లోనే 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే రోడ్డులో కొంత భాగానికి కార్లు ఆపేసినప్పుడు, అసలు ఫర్నిచర్ రాక ఆలస్యమవుతోందని చవకరకం మడతకుర్చీలు కొనుక్కొచ్చి రోడ్డు మీద వేశారు. జనం వచ్చి కూర్చున్నారు. ఆనాడు తాత్కాలికంగా వేసి చూసిన చోటు తరవాత శాశ్వతమైంది.

మన ట్యాంక్‌బండ్ తీసుకోండి. హుస్సేన్‌సాగర్, విగ్రహాలు, లైట్లు అన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి. 2021లో ఆదివారం సాయంత్రాలు 5 నుంచి 10 దాకా వాహనాలు ఆపారు. నేను రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు ఫుట్‌పాత్ దాదాపు ఖాళీ, జనమంతా రోడ్డు నట్టనడుమ. ఒక కుటుంబం తెల్లగీత మీద దుప్పటి పరిచి టిఫిన్ డబ్బా విప్పింది. కొత్తగా పెట్టిన బొమ్మ కన్నా, తీసేసిన బండ్ల ప్రభావం ఎక్కువ.

పెద్దదైతే ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారేమో, ఖైరతాబాద్ చూడండి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024లో డెబ్భయ్యో ఏట 70 అడుగులకు చేరింది. నేను ఏటా వెళ్తాను, మెడ రిక్కించి చూస్తాను, ఒళ్లు పులకరిస్తుంది. కానీ అక్కడ ఆగనివ్వరు. బారికేడ్ల మధ్య వలంటీర్లు "నడవండి, నడవండి" అంటూనే ఉంటారు. ఆ రద్దీకి అలా అనక తప్పదు కూడా. జనం ఆగేది బయటికొచ్చాక మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర.

బొమ్మకు అసలు బలమే లేదని కాదు. ముగ్గు సంగతి మరిచిపోతే అన్యాయం. మా అత్తగారి ఊరు తెనాలిలో ధనుర్మాసం పొద్దున్నే రోడ్డు సగం దాకా ముగ్గులు. పాలవాడి బైక్ దాన్ని చుట్టి పోతుంది. బోర్డు లేదు, తాడు లేదు, చిటికెడు పిండి! గీస్తున్నంతసేపూ వచ్చేపోయే ఆడవాళ్లు ఆగుతారు. "చుక్కలెన్ని వదినా?" "పదిహేను, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క." "మధ్యలో తామర పెట్టు, బావుంటుంది." ముగ్గు అయిపోయి మా అత్తగారు లోపలికి వెళ్లాక మాత్రం ఎవరూ ఆగరు, చుట్టుతిరిగి వెళ్తారు, అంతే. పది గంటలకు దాని మీద ఆటో నిలబడి ఉంటుంది. చేతులు ఆడుతున్నంతసేపే అక్కడ మాట పుడుతుంది.

అందుకని గాలిపటాలు రాత్రికి రాత్రి కట్టేసి పొద్దున్నే చూపించకండి. కట్టే పనే సాయంత్రం రోడ్డు మీద పెట్టుకోండి, పిల్లల చేతికి కాగితం, మైదా జిగురు ఇవ్వండి. కట్టడానికి మాంజా వద్దు. చైనా మాంజా మీద నిషేధం ఎలాగూ ఉంది, మామూలు దారమైనా సరే బైక్ మీద వచ్చేవాడి మెడ ఎత్తున వేలాడకూడదు. స్తంభాలకు రోడ్డు తవ్వకండి. ఒకసారి నిమజ్జనం హడావుడిలో గుంత పూడ్చడం మరిచిపోయాం, మూడో రోజు వానలో నేను తవ్వించిన గుంతలోనే నా స్కూటర్ ముందు చక్రం దిగింది. మోకాలి మచ్చ ఇంకా ఉంది. అప్పటినుంచి ఖాళీ పెయింట్ బకెట్లలో కాంక్రీటు పోసి అందులో కర్రలు నిలబెడుతున్నాం. ఏటా అవే పనికొస్తాయి. పది గంటలకు మైకు ఆపేయండి, లేకపోతే చందా ఇచ్చినవాళ్లే పోలీసులకు ఫోన్ చేస్తారు.

తీసేశాక ఏమవుతుందని కూడా అడిగారు. మాకు నిమజ్జనం మర్నాడు గల్లీ నడుమ చతురస్రంగా పొడి నేల కనిపిస్తుంది, చుట్టూ వాన మరకలు. రెండు మూడు రోజులు బైకులు అక్కడికి రాగానే అలవాటుగా నెమ్మదిస్తాయి. కిందటేడు అవ్వ తన స్టూలు తెచ్చుకుని మూడు సాయంత్రాలు అదే చోట కూర్చుంది. నాలుగో రోజు అక్కడ కారు పెట్టారు. అయిదో రోజు ఆ కారాయనతో మాట్లాడాం. గొణిగాడు గానీ రెండు గజాలు వెనక్కి తీశాడు. ఇప్పుడు ఆ చోటి పక్కనున్న స్తంభానికి గొలుసుతో కట్టిన పాత కుర్చీలు రెండున్నాయి. ఒకదాని కాలు విరిగితే ఇస్త్రీ ఆయన సుత్లీతో బిగించాడు.

మీకు నాలుగు రోజులే కాబట్టి ముందు కుర్చీల సంగతి చూసుకోండి. టెంట్‌హౌస్‌లో ఇప్పుడే చెప్పిపెట్టండి, పండగ వారంలో దొరకవు.