కంప్యూటరే శ్రుతి సరిచేస్తుంటే సాధన దేనికి?

ప్రశ్న: మా పాప ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఇప్పుడు ఇంటర్‌లోకి వచ్చింది. "శ్రుతి తప్పినా కంప్యూటర్ సరిచేస్తుందట, ఇంక ఈ సాధన దేనికి నాన్నా?" అంటోంది. సినిమా పాటల్లో నిజంగానే పస తగ్గిందా, మాకు వయసైపోయి అలా అనిపిస్తోందా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: వయసు వల్ల కొంత అనిపిస్తుందండీ. మన చిన్నప్పుడు వచ్చిన నాసిరకం పాటలన్నీ మరిచిపోయాం, మంచివే గుర్తున్నాయి. అలాగని అంతా భ్రమే అనడానికీ లేదు. 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 పాశ్చాత్య రికార్డింగులను స్పెయిన్ పరిశోధకులు కంప్యూటర్‌తో పరిశీలించి 2012లో ఫలితం ప్రకటించారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారులు తగ్గాయి, వాయిద్యాల నాదం ఒకే తీరుకు వచ్చింది, మోత పెరిగింది. అవి మన పాటలు కావు కాబట్టి మనకూ అంతేనని నేను చెప్పను.

నాకు కనిపించే తేడా వేరే. ఒకప్పుడు గాయకులు, వయొలిన్లు, తబలా అందరూ ఒకేసారి కూర్చుని రికార్డు చేసేవాళ్లు, ఒక్కరు తప్పినా మళ్లీ మొదటి నుంచి, అందుకే పాట నోటికి పూర్తిగా వచ్చేదాకా రిహార్సల్ తప్పేది కాదు. ఇప్పుడు ఒక్కో లైను పాడించి అతికిస్తున్నారు. పిల్లల్లో విద్య తగ్గలేదు, నెల్లూరులో చిన్న చిన్న వేదికల మీద పాడేవాళ్లను వింటూనే ఉన్నాను. ఆ విద్యతో పని పడే చోటు తగ్గింది, నా బాధంతా అదే.

ఇక ఆ కంప్యూటర్ సంగతి. 1997లో వచ్చిన ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని, తప్పిన స్వరాన్ని దగ్గరలోని స్వరస్థానానికి లాగడం. మీ పాపను తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, పాడమనండి. అది ఒకచోట నిలబడదు, ఊగుతుంది, ఆ ఊగడంలోనే తోడి ఉంది. ఆటోట్యూన్‌ను గట్టిగా బిగిస్తే గమకం అనే ఆ ఊగడాన్ని కూడా తప్పు కిందే లెక్కగట్టి సాపు చేసేస్తుంది, రాగమే పోతుంది!

మా జిల్లా బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయినా 'శంకరాభరణం' కీర్తనలు కష్టపడి నేర్చుకుని పాడారు, జాతీయ అవార్డు వచ్చింది. ఆయనకు అంత చేసిపెట్టింది చెవి, ఓపిక. మీ పాప ఎనిమిదేళ్లుగా సంపాదించింది ఆ చెవినే కదా, దాన్ని మధ్యలో వదిలేయనివ్వకండి.

ఒక పని చేయించండి. తంబూరా ఒక్కటే పెట్టుకుని తోడి వర్ణం పల్లవి ఆపకుండా ఫోన్‌లో రికార్డు చేయమనండి. దాన్నే ఏదైనా ఆటోట్యూన్ యాప్‌లో వేసి, రెండూ పక్కపక్కన వినమనండి. ఏది తన గొంతో తనకే తెలుస్తుంది. విన్నాక ఏమందో నాకు రాయండి.