బరంపురం ఆడపడుచు ఇటలీ జవాబులు

బరంపురంలో పుట్టి పెరిగి, ఇప్పుడు ఉత్తర ఇటలీలోని రెజ్జో ఎమీలియా దగ్గర ఒక చిన్న ఊళ్లో కాపురం ఉంటూ, అక్కడి బడి వంటింట్లో పనిచేస్తున్న మన పాఠకురాలు ఈ సంచికలో మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఉత్తరాలను కుదించి వేస్తున్నాం.

అక్కా, మా ఆయనకి మాంతోవా దగ్గర పశువుల ఫారంలో పని. నాకు ఫ్యామిలీ వీసా వచ్చింది, వచ్చే నెల ప్రయాణం. అమ్మ నెయ్యి, కోవా, కరివేపాకు, ఆవకాయ అన్నీ సర్దేస్తోంది. ఏవి తీసుకెళ్లొచ్చు? అక్కడ వంటకి ఇబ్బంది ఉంటుందా?
– గృహిణి, పెద్దబజారు, బరంపురం

ముందు అమ్మ చేతిలోంచి నెయ్యి డబ్బా లాక్కో చెల్లీ. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు సామాన్లలో మాంసం, పాల సరుకులు తేకూడదు. నెయ్యి, కోవా, పన్నీరు అన్నీ అందులోకే వస్తాయి. దొరికితే ఎయిర్‌పోర్టులోనే చెత్తబుట్టలో పడేస్తారు. పచ్చి ఆకులకి, కూరగాయలకి, పళ్లకి 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్, ఈ అయిదింటికే మినహాయింపు. అంటే కొబ్బరికాయ పట్టుకుని దర్జాగా దిగొచ్చు, కరివేపాకు రెబ్బతో దిగకూడదు! ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఇంగువ పెట్టుకో. మన బరంపురం అప్పడం అక్కడ ఏ కొట్లోనూ దొరకదు. పప్పులు, చింతపండు, కారం పంజాబీ కొట్లలో, బంగ్లాదేశ్ వాళ్ల కొట్లలో ఉంటాయి, బరువు మోయకు.

బియ్యం గురించి అసలు బెంగపడకు. యూరప్ మొత్తంలో ఎక్కువ వరి పండించేది ఇటలీయే. వెర్చెల్లి, నొవారా, పవియా వైపు రైల్లో వెళ్తుంటే మే నెలలో నీళ్లు నిండిన మళ్లు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఛత్రపురం దాటుతున్నామేమో అనిపించింది నాకు. కాకపోతే వాళ్ల ఆర్బోరియో, కార్నరోలి బియ్యం పొడిపొడిగా ఉడకవు, ముద్ద అవుతాయి. పులిహోరకి పనికిరావు. పఖాళకి, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నానికి మాత్రం, నన్నడిగితే, మన బియ్యం కంటే బాగుంటాయి.

వంటింట్లో నిన్ను ఇబ్బంది పెట్టేది కరెంటు. అక్కడ మామూలు ఇళ్లకి 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతుండగా ఓవెన్ వేశావంటే మీటరు టప్‌మని పడిపోతుంది. తర్వాత చీకట్లో తడుముకుంటూ కిందికి వెళ్లి స్విచ్ ఎత్తాలి. అందుకే మా ఇంట్లో మిక్సీ వేసే ముందు "ఏం నడుస్తోంది?" అని కేకేసి అడగడం అలవాటైపోయింది. మిక్సీ మన దేశానిదైనా నడుస్తుంది కానీ మన లావు పిన్నులు అక్కడి ప్లగ్గులో పట్టవు. అడాప్టర్ కొనుక్కో.

శాకాహారం తినే రోజుల్లో ఒక్క జాగ్రత్త. మా ఎమీలియాలో గ్నోక్కో ఫ్రిత్తో అని పిండిని నూనెలో వేస్తే పూరీలా పొంగే వంటకం ఉంది. చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ పాతకాలం పద్ధతిలో దాన్ని వేయించేది పంది కొవ్వులో. కొట్లో "స్త్రుత్తో ఉందా?" అని అడుగు, కొవ్వు వేశారో లేదో చెబుతారు. మా ఊరికి పేరు తెచ్చిన పార్మిజానో చీజ్‌లో కూడా పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థమే వాడతారు. తెలిసి తినడం, మానడం నీ ఇష్టం. మా అత్తగారికి నేనైతే చెప్పలేదు.

దిగిన నెలలోనే సీపీయా అని పెద్దవాళ్లకి చదువు చెప్పే ప్రభుత్వ బడి ఉంటుంది, అందులో పేరు రాయించుకో. ఇటాలియన్ నేర్పుతారు, ఫీజు లేదన్నట్టే. మీ ఆయనకి వచ్చుగా అని ఊరుకోకు. మా అమ్మ బరంపురంలోనే పుట్టి, అక్కడే ముసలిదైంది. ఒడియా మాట్లాడేది కానీ చదవడం రాదు. బ్యాంకు నుంచి కాగితం వచ్చినా, కరెంటు బిల్లు తప్పొచ్చినా పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చునేది. ఆ కుర్రాడికి తీరిక ఉంటేనే పని. నువ్వు ఇంకో దేశంలో అలా కూర్చోకు.

ఇటలీ వాళ్లు నిలబడే కాఫీ తాగుతారట. అంత తొందర దేనికండీ?
– టీ కొట్టు యజమాని, రాయగడ

తొందరేం లేదు అన్నా, నిలబడి అరగంట కబుర్లు చెబుతారు. కాఫీ మాత్రం రెండు గుక్కలే, చిన్న కప్పు అడుగున ఉంటుంది. చాలాచోట్ల కూర్చుంటే రేటు వేరు, నిలబడితే తక్కువ. పాలు పోసిన కపుచ్చినో పొద్దున్నే. భోజనం అయ్యాక అడిగితే ఇస్తారు కానీ అదో చూపు చూస్తారు. మీ కొట్లో పెట్టుకోవాల్సిన పద్ధతి ఒక్కటుంది: కాఫీ అడిగే ముందు "బొంజోర్నో" అని పలకరించాలి. పలకరించని వాడికి కాఫీ ఆలస్యంగా వస్తుంది.

మా అబ్బాయికి బొలోన్యాలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తే ఖర్చేమీ ఉండదని హైదరాబాద్ కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– మిల్లు ఉద్యోగి, రాయగడ జిల్లా

అన్నయ్యగారూ, స్కాలర్‌షిప్ నిజమే, అబద్ధం కాదు. మా ప్రాంతంలో దాన్ని ఎర్గో అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. మార్కుల కంటే ముందు మీ ఇంటి ఆదాయం చూస్తారు. ఆదాయం ఒక్కటే కాదు, పొలం, ఇల్లు, బ్యాంకు నిల్వ, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ కాగితాలకి అపోస్టిల్ ముద్ర, అంటే కాగితం అసలైనదేనని మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, ఇటాలియన్ అనువాదం ఉండాలి. మన తహసీల్దార్ ఆఫీసు సర్టిఫికెట్లు ఒడియాలో ఉంటే అది ఇంకో మెట్టు. హైదరాబాద్ వాళ్లకి ఈ సంగతి తట్టదు. మీ చిరునామా ఒడిశాది కాబట్టి మీకు సంబంధించిన ఇటలీ కాన్సులేట్ కోల్‌కతాలో ఉంది. వీసాకి అక్కడ అడిగిన లిస్టే మీకు లెక్క. బంధువులబ్బాయి ఏమేం పెట్టాడో అది కాదు.

"ఖర్చేమీ ఉండదు" అన్న మాట నమ్మకండి. డబ్బు వాయిదాల్లో వస్తుంది, మొదటి వాయిదా చేతికి అందేసరికి నెలలు గడుస్తాయి. బొలోన్యాలో గది దొరకడం సీటు దొరకడం కంటే కష్టం. అడ్వాన్సు, అద్దె మీ జేబులోంచే పోతాయి. రెండో ఏడు కూడా స్కాలర్‌షిప్ రావాలంటే చెప్పినన్ని క్రెడిట్లు పాసవ్వాలి. అసలు చదవకుండా పనుల్లో తిరిగితే తీసుకున్నది వెనక్కి కట్టమంటారు. విద్యార్థికి వారానికి 20 గంటల పని అనుమతి ఉంది, అంతవరకే.

దిగాక 8 పనిదినాల్లోపు పర్మెస్సో, అంటే నివాస అనుమతి కార్డు కోసం పోస్టాఫీసులో అప్లికేషన్ ఇవ్వాలి. దానికి అంటించే 16 యూరోల స్టాంపు పోస్టాఫీసులో కాదు, సిగరెట్లమ్మే కొట్లో దొరుకుతుంది! బయట పెద్ద "టీ" అక్షరం బోర్డు ఉంటుంది, బస్సు టికెట్లు కూడా అక్కడే. పోస్టాఫీసు ఇచ్చిన రసీదు ప్రాణంలా దాచుకోమనండి. కార్డు వచ్చేదాకా అదే కార్డు.

ఇంకో విచిత్రం చెబుతాను. అక్కడ ప్రతి మనిషికీ 16 అక్షరాల పన్ను కోడ్ ఉంటుంది, సిమ్ కార్డు నుంచి అద్దె ఇల్లు దాకా అన్నింటికీ అదే. ఇంటిపేరులో మూడు హల్లులు, పేరులో మూడు, పుట్టిన ఏడు, నెల, తేదీ కలిపి తయారుచేస్తారు. మనం ఎక్కడ పుట్టినా ఊరి చోట "జెడ్ 222" అని పడుతుంది, అది ఇండియా. ఆడవాళ్లకి తేదీకి 40 కలుపుతారు. అందుకే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ గడిలో ఉన్నాయో ఇక్కడే సరిచూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మన పిల్లలు అక్కడ కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటారు.

అక్కా, నేను లారీ డ్రైవర్‌ని. సీజన్ వీసా మీద పొలం పనికి పంపి, తర్వాత అక్కడే లారీ డ్రైవర్‌గా పెట్టిస్తానని ఒక ఏజెంటు లక్షలు అడుగుతున్నాడు. వెళ్లనా?
– గుణుపురం

వెళ్లకు తమ్ముడూ. కనీసం ఆ దారిలో వెళ్లకు.

ఇటలీ ప్రభుత్వం ఏటా ఇంతమంది పనివాళ్లు రావచ్చని కోటా పెడుతుంది. దానికి అప్లికేషన్ పెట్టాల్సింది నువ్వూ కాదు, ఏజెంటూ కాదు, అక్కడున్న యజమాని. అతనికి అక్కడి ఆఫీసు అనుమతి పత్రం ఇచ్చాకే నీకు వీసా. దిగిన తర్వాత ఆ యజమానితో ఒప్పందం మీద సంతకం జరగాలి. మోసం జరిగేది ఇక్కడే. కాగితం మీద యజమాని ఉంటాడు, వెళ్లి చూస్తే ఉండడు. ఉన్నా ఫోనెత్తడు. ఒప్పందం లేకపోతే నివాస కార్డు లేదు. ఇక నువ్వు ఊళ్లో చేసిన అప్పు తీర్చడానికి ఎవడు ఎంతిస్తే అంతకి కూరగాయల తోటల్లో పని చేయాల్సిందే.

2024 జూన్‌లో రోమ్‌కి దక్షిణాన ఉన్న లతీనా జిల్లాలో ఒప్పందం కాగితం లేకుండా పొలంలో పనిచేస్తున్న మనదేశం కుర్రాడి చెయ్యి యంత్రంలో పడి తెగిపోయింది. యజమాని అతన్ని ఆస్పత్రికి కాకుండా అతను ఉంటున్న ఇంటి ముందు దింపేసి పోయాడు. రోమ్ ఆస్పత్రిలో కుర్రాడు చనిపోయాడు. దేశమంతా గగ్గోలైంది. మా బడి వంటింట్లో ఆ వారమంతా అదే మాట. నాతో పనిచేసే ముసలావిడ నా మొహం చూడలేక గిన్నెల వైపు చూస్తూ మాట్లాడింది. కూలీలని ఇలా పీడించే మేస్త్రీనీ, పెట్టుకున్న యజమానినీ ఇద్దరినీ శిక్షించే చట్టం 2016 నుంచి ఉంది. చట్టం ఉన్నా, నీకు భాష రాక, కాగితం లేక, ఎక్కడికెళ్లి చెబుతావు?

లారీ సంగతి. మన లైసెన్సుని ఇటలీ వాళ్లు మార్చి ఇవ్వరు. అక్కడ స్థిర నివాసం రాయించుకున్న ఏడాది దాటాక మొదటి నుంచీ పరీక్ష రాయాలి. మామూలు కారుకే 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, మూడు తప్పుల వరకే క్షమిస్తారు. ఇంగ్లీషులో ఉండదు, ఇటాలియన్‌లో రాయాలి. మా ఆయనకి సూరత్‌లో ఏళ్ల తరబడి బండి నడిపిన అనుభవం ఉంది. అయినా రాత్రి పూట బల్ల దగ్గర కూర్చుని "దారి ఇవ్వడం" పాఠం బట్టీ పట్టాడు.

అమ్మాయి, అల్లుడు మోదెనాలో ఉంటారు. మనవడిని చూసుకోవడానికి రమ్మంటున్నారు. నాకు తెలుగు, ఒడియా తప్ప రావు. పొద్దుపోతుందా తల్లీ?
– పర్లాకిమిడి

పొద్దున పోతుంది పిన్నిగారూ, సాయంత్రమూ పోతుంది. మధ్యాహ్నమే గడవదు. పన్నెండున్నర దాటాక చిన్న ఊళ్లలో కొట్లు షట్టర్లు దించేస్తారు, మూడున్నర దాకా వీధిలో పిల్లి కూడా కనపడదు. పర్లాకిమిడిలో ఆ వేళకి పక్కింటావిడ ధాన్యం చెరుగుతూనో, అరుస్తూనో ఉంటుంది కదా. అక్కడ గడియారం చప్పుడు వినిపిస్తుంది. ఆ వేళకి ఏదైనా పని పెట్టుకోండి, కుట్టో, జపమో, నిద్రో.

నాలుగు గంటలకి బడి వదులుతారు. మనవడిని తీసుకుని పార్కుకి వెళ్తే అక్కడ అమ్మమ్మలంతా బెంచీల మీద ఉంటారు. వాళ్లకి మీ భాష రాకపోయినా అడగాల్సినవన్నీ అడుగుతారు. చీర ముట్టుకుని చూస్తారు, ఏమీ అనుకోకండి.

టూరిస్టు వీసా అయితే 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆగస్టులో మాత్రం వెళ్లకండి. ఉక్కపోత, దోమలు, పైగా మన స్వాతంత్ర్య దినం నాడే వాళ్ల పెద్ద సెలవు, డాక్టర్లతో సహా ఊరు ఊరంతా సముద్రానికి పోతుంది. సీలింగ్ ఫ్యాన్లు అరుదు. చలికాలం పొగమంచే కానీ ఇంట్లో హీటరు ఉంటుంది. మా వైపు దానికీ చట్టమే, అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకి 14 గంటలకి మించకుండా వెయ్యాలి.

మీరు అడగడానికి మొహమాటపడి ఉత్తరం చివర కొట్టేసిన ప్రశ్న కూడా చదివాను. నీళ్లకి ఇబ్బంది లేదు. కమోడ్ పక్కనే కడుక్కోవడానికి బిదే అని ఇంకో తొట్టి ఉంటుంది. 1975 నాటి ఆరోగ్య శాఖ ఉత్తర్వు ప్రకారం ఇంట్లో ఒక్క బాత్రూంలోనైనా అది ఉండి తీరాలి. మగ్గు మోసుకెళ్లకండి.

అమ్మాయీ, ఇక్కడ మన పిల్లలకే తెలుగు చదవడం రావడం లేదు. అక్కడ మీ పాపకి తెలుగు వస్తుందా? వాచకాలు పంపమంటే పంపుతాను.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జయపురం

మాట్లాడుతుంది మాస్టారూ. రాయదు, చదవదు. బడిలో ఇటాలియన్, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు. వాళ్ల నాన్నకి కోపం వస్తే ఒడియా, అందుకని ఒడియా తిట్లు బాగా వచ్చు. అక్కడే పుట్టింది కానీ పౌరసత్వం లేదు. విడవకుండా అక్కడే పెరిగితే 18 నిండాక ఏడాదిలోపు తనే అడగాలి. మాకైతే పదేళ్ల నివాసం కావాలి. దాన్ని అయిదేళ్లకి తగ్గించాలని 2025 జూన్‌లో ఓటింగ్ పెట్టారు. సగం మంది కూడా ఓటెయ్యడానికి రాక అది చెల్లలేదు. మర్నాడు బడిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు, పాస్తా వడ్డించాను.

1936లో గంజాం, కోరాపుట్ ఒడిశాలోకి వచ్చినప్పటి నుంచి మనవాళ్లకి ఇంటి భాష ఒకటి, ఆఫీసు భాష ఇంకొకటి. ఆఫీసు భాష నేర్చుకున్న ఇళ్లలోనే ఇంటి భాష కూడా ధైర్యంగా నిలబడిందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. అక్కడ చాలామంది అమ్మలు ఏడెనిమిదేళ్ల పిల్లల్ని పోలీసు కౌంటర్ దగ్గరికి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి వాళ్ల చేత మాట్లాడిస్తారు. ఒకసారి నా ముందు లైన్లో ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ కడుపులో గడ్డ గురించి డాక్టరు చెప్పింది తిప్పి చెప్పలేక నోరు మూసుకుని నిలబడిపోయింది. మా పాపని అలాంటి పనికి నేను తీసుకెళ్లను. కాగితాలు నావి, మాటా నాదే. దానికి నా దగ్గర నేర్చుకోవాల్సింది తెలుగు, అనువాదం పని కాదు.

వాచకాలు తప్పకుండా పంపండి. ఒకటో తరగతిదీ రెండో తరగతిదీ చాలు, మూడోది చూస్తే పారిపోతుంది. కవరు మీద బహుమతి అనీ, విలువ 45 యూరోల లోపేననీ రాయండి, లేకపోతే మీ పుస్తకాలకి నేను అక్కడ పన్ను కట్టాలి. ఉగాదికి అందేలా చూడండి, ఆలస్యమైతే వేసవి సెలవులకి బరంపురం వచ్చినప్పుడు పట్టుకెళ్తాం.