నర్సింగ్ వదిలేసి గొత్తికోయల దగ్గర పనిచేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది చర్ల మండలం. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. కాలేజీ తరఫున గొత్తికోయ గూడెంలో హెల్త్ క్యాంపుకి వెళ్లొచ్చినప్పటి నుంచి, నర్సింగ్ వదిలేసి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి వాళ్ల కోసమే పనిచేస్తానంటోంది. నేనేమో స్టాఫ్ నర్సు పరీక్ష రాయమంటున్నాను, లేదంటే జర్మనీ అయినా వెళ్లమంటున్నాను. ఆ పనిలో జీతం ఉంటుందా? ఆడపిల్లకు భద్రత ఉంటుందా? రేపు పోలీసులు అనుమానిస్తే ఎలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ.

జవాబు: మాస్టారు గారూ, గొత్తికోయల దగ్గర పనిచేయాలనుకోవడంలో అమ్మాయిది తప్పేమీ లేదు, దయచేసి ఆపకండి. కానీ నర్సింగ్ వదిలేస్తాననడం మాత్రం పెద్ద పొరపాటు, అక్కడ మీరు గట్టిగా పట్టుబట్టండి. ఆ గూడేలకు ఇప్పుడు కావాల్సింది సరిగ్గా ఆమె చేతిలో ఉన్న విద్యే.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వలస వచ్చిన ఆదివాసుల్నే మన వైపు గొత్తికోయలంటారు. వాళ్లెందుకు వచ్చారో మీకు తెలిసిన కథే, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. 2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని దోర్నపాల్, ఎర్రబోరు లాంటి రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి వెళ్లకపోతే మావోయిస్టు అన్నారు, వెళితే జుడుం మనిషి అన్నారు. 2006 జూలైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరం మీద పడి 30 మందికి పైగా చంపారు. ఈ రెండింటి మధ్యా బతకలేక వేలమంది పిల్లల్ని ఎత్తుకుని అడవి దారిన మన వైపు, చర్ల, వెంకటాపురం, చింతూరు అడవుల్లోకి వచ్చేశారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ప్రైవేటు సైన్యం చెల్లదని తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చినా, కాలిన ఊరికి తిరిగి వెళ్లడానికి చాలామందికి ధైర్యం చాలలేదు.

మీ అమ్మాయి ముందు అర్థం చేసుకోవాల్సింది వాళ్ల పరిస్థితిలో ఉన్న ఈ చిక్కు. దేశం సరిహద్దు దాటితే శరణార్థి అంటారు, ఐక్యరాజ్యసమితిలో వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. వీళ్లు దాటింది రాష్ట్రం సరిహద్దు. సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ల గురించి 1998లో ఐరాస మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది కానీ అవి ఏ ప్రభుత్వాన్నీ చట్టంలా కట్టిపడేయవు. అక్కడ ఎస్టీ అయిన మనిషికి ఇక్కడ సర్టిఫికెట్ దొరకడం కష్టం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికే భూమి సాగులో ఉండాలి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు పోడు పట్టా రాదు, అందుకే అటవీ శాఖతో ఎప్పుడూ గొడవే. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ ప్రాణం పోయింది. అది ఘోరం, ఆ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని ఎవరూ పూడ్చలేరు. చేసినవాళ్లు కొందరైతే ఆ కోపం ఏ పాపం తెలియని గూడేలన్నిటి మీదా పడింది.

నేను కొన్నేళ్ల క్రితం మీ వైపు ఒక గూడేనికి వెళ్లాను. మిర్చి ఏరే సీజన్, పెద్దవాళ్లంతా కూలికి పోయారు, పదేళ్ల పాప చెల్లెల్ని చంకనేసుకుని వాగులో చెలమ దగ్గర కూర్చుని ఉంది, నీళ్లు ఊరేదాకా ఆగి గిన్నెతో తోడి బిందెలో పోస్తోంది. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు అని ఉన్నాయి, వాటి ప్రకారం నిర్వాసితుల శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 3.5 చదరపు మీటర్ల నీడ ఉండాలి. ఆ పాప బిందె ఎంతమందికి సరిపోవాలో లెక్కేస్తే నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మీ అమ్మాయి కూడా ఇలాంటిదేదో చూసి ఉంటుంది. చిన్నపిల్ల తొందరపాటని కొట్టిపారేయకండి.

కానీ జాలితో వెళ్లినవాళ్లు ఎక్కువ కాలం నిలబడరు, ఇది నేను చాలామంది పిల్లల్లో చూశాను. మలేరియాతో వణుకుతున్న పిల్లవాడికి రాపిడ్ టెస్ట్ చేసి బరువును బట్టి మందు డోసు ఇవ్వగలిగినవాళ్లు, వానాకాలంలో డోలీ మీద వచ్చిన గర్భిణికి బీపీ చూసి ఇక్కడ కాదు భద్రాచలం పంపాలని అప్పటికప్పుడు తేల్చగలిగినవాళ్లు కావాలి. అలా తేల్చగల నేర్పు వార్డులో చేస్తేనే వస్తుంది. కాబట్టి స్టాఫ్ నర్సు పరీక్ష రాయమనండి. ఉద్యోగం వస్తే ఏజెన్సీ పోస్టింగే అడగమనండి, అందరూ వద్దనుకునే చోటు కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ. రాకపోతే ఏదైనా పెద్ద ఆసుపత్రిలో లేబర్ రూమ్, పిల్లల వార్డు, ఎమర్జెన్సీ మూడింట్లోనూ తిరిగేలా రెండేళ్లు చేయమనండి. సరిహద్దు లేని డాక్టర్ల సంస్థ, అదే ఎంఎస్ఎఫ్, బస్తర్ నుంచి వచ్చినవాళ్ల కోసం ఈ సరిహద్దులోనే మొబైల్ క్లినిక్కులు నడిపింది. వాళ్లు విదేశీ పోస్టులకు నర్సుల్ని తీసుకునేటప్పుడు కూడా సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఐరాస యూత్ వాలంటీర్ పోస్టులకు వయసు 18 నుంచి 26 దాకా, కాబట్టి ఆ దారి కూడా తెరిచే ఉంటుంది.

ఎంఎస్‌డబ్ల్యూ చెడ్డదని కాదు. అయితే ఈమెకు ఆ రెండేళ్లూ అయ్యాక పబ్లిక్ హెల్త్‌లో పీజీ, అంటే ఎంపీహెచ్, ఇంకా బాగా కలిసొస్తుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఉంది. ఈలోగా కోయ భాష గట్టిగా నేర్చుకోమనండి. మన వైపు కోయకీ బస్తర్ నుంచి వచ్చినవాళ్ల మాటకీ తేడా ఉంటుంది కానీ మీ ఊళ్లో పుట్టిన పిల్ల ఆరు నెలల్లో అందుకుంటుంది, ఢిల్లీలో చదివొచ్చినవాళ్లకు అది అంత తొందరగా రాదు.

జీతం సంగతి దాచను. చిన్న ఎన్జీవోల్లో తక్కువ, కాంట్రాక్టు ఏడాది ఏడాదికీ. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక పాలనా ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు, ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు ఇవ్వడానికీ లేదు, దాంతో మారుమూల పనిచేసే చిన్న సంస్థలకు దెబ్బ తగిలింది. అందుకే నర్సు రిజిస్ట్రేషన్ చేతిలో ఉండాలంటున్నాను, ప్రాజెక్టు ఆగిపోయినా పని ఆగదు.

ఇక మీ అసలు భయం, పోలీసులు. భయపడటం సహజం. అంతర్యుద్ధంలో గాయపడినవాళ్లు ఎవరైనా చికిత్స చేయాలని 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణ చెబుతుంది, కానీ మన ప్రభుత్వం మావోయిస్టులతో పోరును శాంతిభద్రతల సమస్యగానే చూస్తుంది కాబట్టి చెక్‌పోస్టు దగ్గర ఆ మాట పనిచేయదు. పనిచేసేవి వేరే. ఒంటరిగా వెళ్లకూడదు, పీహెచ్‌సీకో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకో తెలిసే వెళ్లాలి, గుర్తింపు కార్డు మెడలో ఉండాలి, ఏ గూడెంలో ఎన్ని మాత్రలు ఇచ్చిందో రిజిస్టర్‌లో ఉండాలి, ఎవరి ఉత్తరంగానీ డబ్బుగానీ సంచిలో పెట్టుకోకూడదు, ఒక చోట విన్నది ఇంకో చోట చెప్పకూడదు. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే రెండు వైపులవాళ్లూ అడుగుతారు.

శాంతి కోసం కూడా పనిచేస్తానని అందేమో. అయితే ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ గారి గురించి చెప్పండి, మీ తరానికి బాగా తెలుసు. 1987లో నక్సలైట్లు ఆయన్నీ తోటి అధికారుల్నీ అపహరించారు, అయినా పదేళ్ల తర్వాత ఆయనే ముందుండి పౌరస్పందన వేదిక అనే పౌరుల బృందంతో రెండు వైపులా మాట్లాడటం మొదలుపెట్టారు, 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వాన్నీ నక్సలైట్లనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడంలో ఆ వేదికది పెద్ద పాత్ర. 2005 జనవరికల్లా చర్చలు విఫలమయ్యాయి, అది వేరే బాధ. ఆయన మాట ఇద్దరూ ఎందుకు విన్నారు? కలెక్టరుగా, కార్యదర్శిగా వెట్టి చాకిరీ విముక్తి కోసం ఆయన చేసిన పని అందరూ కళ్లారా చూశారు కాబట్టి. 2012లో మావోయిస్టులు అపహరించిన సుక్మా కలెక్టర్ విడుదలకు మధ్యవర్తిగా వెళ్లిన బి.డి.శర్మ గారూ ఒకప్పుడు బస్తర్ కలెక్టరే. మీ అమ్మాయికి ఆ నమ్మకం రావాలంటే ముందు పదేళ్లు ఆ గూడేల్లో కాన్పులు చేసిన సిస్టర్‌గా తెలియాలి.

జర్మనీ సంగతి, ఆమెకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు.

రిజల్ట్ రాగానే తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించండి, వెంటనే పాస్‌పోర్టుకూ అప్లై చేయించండి. దాని పోలీస్ వెరిఫికేషన్ గూడేల్లో పని మొదలుపెట్టక ముందే అయిపోతే మీ టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది. ఈసారి క్యాంపుకి వెళ్లేటప్పుడు మీరూ వెంట వెళ్లండి మాస్టారూ, అక్కడి పిల్లలకు పలకలు తీసుకెళ్లండి.